ఎడంచేత్తో ఒకసారి

మా అన్నయ్య కూతురు ఇంజనీరింగు పూర్తి చేసి, నేను పనిచేసి వచ్చిన చోటికే వెళ్ళబోతోంది. ప్రయాణానికి ముందు నా దగ్గరికి వచ్చి, "అత్తా, ప్రమోషన్లు ఎట్టా వస్తాయి, క్వార్టర్లు ఎట్టా ఇస్తారు, అవన్నీ ఎవరైనా చెబుతారు. అసలు పనేందో నువ్వు రాసిపెట్టు" అంది. అది అడిగిన తీరు నాకు నచ్చింది. అందుకే రాస్తున్నాను. దాని వెనక వెళ్ళే పిల్లలకూ పనికొస్తే ఇంకా సంతోషం.

నేను వైమానిక దళంలో ఫ్లైట్ టెస్ట్ ఇంజనీరుగా పనిచేశాను. కొత్త విమానం వచ్చినా, పాత విమానంలో ఏదైనా మార్చినా, దాన్ని మామూలు పైలట్ల చేతికి ఇచ్చే ముందు మా స్క్వాడ్రన్‌కు పంపేవారు. మా పైలట్లు నడిపి చూసేవారు. విమానంలోంచి వచ్చే కొలతలన్నీ కింద మా ముందున్న తెరల మీద గీతలుగా పరిగెత్తేవి. వాటిని చూస్తూ పైలట్‌తో రేడియోలో మాట్లాడటం నా పని.

రిటైరై ఊరికి వచ్చిన కొత్తలో మా పక్కింటి పిన్ని అడిగింది.

"ఏమ్మే సుభద్రా, విమానాలు నడిపావంట గదా?"

"నడపలేదు పిన్నీ. కింద కూర్చుని చూశాను."

"చూడటానికి జీతమిచ్చారా తల్లీ!"

నిజమే. చూడటానికే ఇచ్చారు. ఎన్నో ఏళ్ళు ఆలోచించినా నా ఉద్యోగం గురించి ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

ఆపండి అనే హక్కు

ధైర్యం గురించి సినిమాల్లో చూపించేదంతా గేటు బయట వదిలేసి లోపలికి రండి. ధైర్యం ఎక్కువైన వాళ్ళతో మాకు పెద్దగా పని ఉండేది కాదు. మా పనల్లా ప్రమాదాన్ని కొంచెం కొంచెంగా, మనం సిద్ధంగా ఉన్నప్పుడే బయటికి రప్పించడం. ఈ రోజు ఇంత వేగం, రేపు ఇంకొంచెం. తొందరపడే మనిషి ఎంత తెలివైనవాడైనా మా గదిలో బరువే.

ఆ గదిలో పైలట్‌తో మాట్లాడే గొంతు ఒక్కటే. కానీ "ఆపండి" అనే హక్కు మాత్రం అందరిదీ. ఆ మాట వినబడితే పైలట్ చేస్తున్న పరీక్షను ముందు ఆపేస్తాడు, తర్వాతే ఎందుకని అడుగుతాడు.

నేను చేరిన మొదటి ఏడాది ఒక గీత ఉన్నట్టుండి ఎగిరిపడింది. నేను కేకేశాను. పైలట్ వెనక్కి వచ్చేశాడు. తీరా చూస్తే విమానానికి ఏమీ కాలేదు. కొలత పంపే తీగ ఒకటి వదులైంది, అంతే. ఆ రోజు పనంతా పోయింది. బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి మా బాస్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. పంజాబీ మనిషి. పెద్ద మీసాలు, చిన్న గొంతు.

"రేపు కూడా ఇలాంటి గీత కనబడితే ఏం చేస్తావు?" అన్నాడు.

"ఆపమంటాను సార్" అన్నాను, భయపడుతూనే.

"అయితే పో, టీ తాగు."

బాసుల్లో రకరకాల వాళ్ళను చూశాను. పైవాళ్ళకు తేదీ చెప్పేసి, ఆ తేదీకి మమ్మల్ని తోలుకెళ్ళాలని చూసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ ముఖాలు కూడా ఇప్పుడు సరిగా గుర్తులేవు. ఈ మనిషిని మాత్రం తలుచుకోని వారం లేదు.

కుర్చీ

మా స్క్వాడ్రన్‌లో ఒక అలవాటు ఉండేది. పైలట్ దిగగానే ఎవరితోనూ మాట్లాడకూడదు. నేరుగా వచ్చి ఒక మామూలు కుర్చీలో కూర్చోవాలి. మోకాళ్ళ మధ్య ఒక చెక్క రూళ్ళకర్ర పట్టుకుని, అదే విమానాన్ని నడిపే స్టిక్ అనుకుని, కళ్ళు మూసుకుని ఇప్పుడే చేసిన పనంతా మళ్ళీ చేసి చూపించాలి. చేతులు చెప్పడం అయ్యాకే నోరు విప్పాలి. కొత్తగా చూసినవాళ్ళు నవ్వేవారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కర్ర పట్టుకుని ఊగుతుంటే నవ్వు రాదా మరి!

ఆ తర్వాత మేం అడిగే ప్రశ్న కూడా "ఎలా ఉంది?" అని కాదు. ఎలా ఉందని అడిగితే బాగానే ఉంది అంటారు. పైలట్లే కాదు, ప్రపంచంలో ఎవరైనా అంతే అంటారు. మేం అడిగేది వేరు. "దాన్ని బాగా ఉంచడానికి మీరు ఎంత కష్టపడ్డారు?"

ఈ రెండు ప్రశ్నలకు తేడా నాకు పూర్తిగా తెలిసింది రాఘవ సార్ వల్ల. మా అందరిలోకీ మంచి పైలట్ ఆయన. ఊరు చీరాల పక్కన. నలుగురిలో ఇంగ్లీషు, ఇద్దరమే ఉంటే తెలుగు. నాకంటే పెద్దవాడు. నా మీద ఎప్పుడూ గొంతు పెంచినవాడు కాదు, ఒక్కసారి తప్ప. ఆయన చేతుల్లో ఏ విమానమైనా బుద్ధిగా ఉండేది. చిక్కంతా అక్కడే వచ్చింది.

హైవే మీద

అద్దంకి దగ్గర హైవేలో కొంత ముక్కను, అవసరమైతే విమానాలు దిగేలా కట్టారు. ఆ రోడ్డు మీద మా పరీక్ష పెట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఎక్కడెక్కడో ఎడారుల్లో చేసిన పని మా మిరప చేల మధ్యకు వచ్చింది! ట్రాఫిక్కును పక్క రోడ్డుకు మళ్ళించారు. కంచె అవతల జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. "ఒరేయ్, ఈసారి కాయల్ని గుంటూరు యార్డుకు ఇందులోనే తోలదాం రా" అని ఎవరో అరిస్తే, కంచె ఇవతల ఉన్న నేను నవ్వాపుకోలేకపోయాను.

విమానం దిగే ముందు రన్‌వే మొత్తం నడిచి రాళ్ళూ రప్పలూ ఏరాలి. చిన్న రాయి ఇంజన్‌లోకి వెళ్ళినా ప్రమాదమే. బాస్ నుంచి వంటవాడి దాకా అందరూ ఒకే వరసలో, తల వంచుకుని నడవాలి. వేరే చోట్ల మేకులు, బోల్టులు దొరికేవి. ఇక్కడ మిరపకాయలు, తొడిమలు, దూది పింజలు దొరికాయి. మా పంజాబీ బాస్ ఒక ఎండుమిరపకాయ ఏరి, ఇదేపాటి కారం అన్నట్టు కొరికాడు. తర్వాత చాలాసేపు ఆయన ఎవరికీ ఆర్డర్లు ఇవ్వలేదు.

పరీక్షకు వచ్చింది రెండు సీట్ల జెట్. దాని పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. స్టిక్ కదిపితే విమానం స్పందించే తీరులో ఒక మార్పు చేశారు. ఆ మార్పు బాగుందని రాఘవ సార్ అంటే, మరుసటి వారమే కుర్ర పైలట్లు అదే విమానంతో అదే రోడ్డు మీద దిగడం మొదలుపెడతారు. రోడ్డు వెడల్పు తక్కువ. మధ్యాహ్నం దాటితే వాడరేవు వైపు నుంచి సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది. కంచె అవతల మనుషులు.

రాఘవ సార్ ఆ గాలిలోనే దిగారు. ఎంత అందంగా దిగారంటే జనం చప్పట్లు కొట్టారు. కానీ రోడ్డు పక్కన నిలిపిన మా వ్యాన్‌లో, నా ముందున్న తెర మీద స్టిక్ గీత ఒక్క క్షణం కూడా నిలకడగా లేదు. చలిజ్వరం వచ్చినట్టు వణికింది. విమానం గీత మాత్రం తిన్నగా ఉంది.

షామియానా కింద కుర్చీ వేశాం. సార్ కళ్ళు మూసుకుని, రూళ్ళకర్ర పట్టుకుని మొత్తం చేసి చూపించారు. కర్ర దాదాపు కదల్లేదు.

"ఎంత కష్టపడ్డారు సార్?"

"ఏం లేదు. బాగానే ఉంది."

అబద్ధం కాదది. అది అబద్ధమైతే నాకు ఇంత భయం వేసేది కాదు. విమానం ముక్కు పైకో కిందకో పోబోతుంటే, పోయేలోపే ఆయన చెయ్యి సర్దేస్తోంది. ఆ సంగతి ఆయనకే తెలియదు. మంచి చెయ్యి విమానంలోని దోషాన్ని మింగేసి, యజమానికి కూడా చెప్పడం లేదు. మా వృత్తిలో మాత్రమే దొర్లే తప్పు ఇది. చేతకానివాడు ఈ తప్పు చేయలేడు.

గీత చూపించాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"నా చేతి మీద నీకు అనుమానమా?" గొంతు పెరిగింది.

"మీ చేతి మీద కాదు సార్. వచ్చే వారం వచ్చే పిల్లలకు మీ చెయ్యి లేదు కదా."

ఆయన కర్ర కింద పడేసి వెళ్ళిపోయారు. బాస్ మా ఇద్దరినీ పిలిచి, "ఆమె గీతలు ఒకటి చెబుతున్నాయి, నువ్వొకటి చెబుతున్నావు. ఇద్దరూ ఒకటే మాట చెప్పేదాకా నేను సంతకం పెట్టను. రేపు ఆదివారం. పోయి తేల్చుకోండి" అన్నాడు. పైనుంచి ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయని మాకు తెలుసు. ఆ ఫోన్ల సంగతి ఆయన మా దగ్గర ఎత్తనే లేదు.

పెరటి తలుపు

మా ఊరు అక్కడికి దగ్గరే. రాఘవ సార్ తెలుగు భోజనం చేసి చాలా కాలమైందని ముందే భోజనానికి పిలిచి ఉన్నాను. రారనుకున్నాను, కానీ వచ్చారు. మాటిస్తే తప్పే మనిషి కాదు. నాతో మాత్రం పలకలేదు. నాన్నతో కాయల రేటు మాట్లాడారు, తెగుళ్ళ గురించి మాట్లాడారు. అమ్మ గోంగూర వేస్తే రెండోసారి అడిగి వేయించుకున్నారు. నా వైపు చూడకుండానే!

చెయ్యి కడుక్కోవడానికి లేచి పెరట్లోకి వెళ్ళబోయారు. పెరటి తలుపు రాలేదు. లాగారు, నెట్టారు. వేల అడుగుల ఎత్తులో విమానాలను లొంగదీసే మనిషి ఎంగిలి చెయ్యి పైకెత్తుకుని మా తలుపుతో కుస్తీ పడుతున్నాడు.

నాన్న కూర్చున్న చోటు నుంచే కేకేశాడు. "తలుపుకేం సార్, బాగానే ఉంది! కాస్త పైకెత్తి మోకాలుతో నెట్టండి, అదే వస్తుంది!"

సార్ అలాగే చేశారు. తలుపు వచ్చింది. కానీ ఆయన బయటికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, "రోజూ ఇట్లాగే తీస్తారా?" అని అడిగారు.

"ఎట్టా?" అన్నాడు నాన్న.

"పైకెత్తి, మోకాలుతో."

నాన్న ఆలోచించాడు. "ఏమో సార్. మేం తీస్తే వస్తది. కొత్తోళ్ళు, చుట్టాలు వచ్చినప్పుడే ఈ గోల."

సార్ ఆ తలుపునే చూస్తూ నిలబడ్డారు. చేతి మీద గోంగూర ఎండిపోతోంది. ఆయన ముఖంలో కోపం మెల్లగా దిగిపోవడం నాకు కనిపించింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. మా అమ్మ కంగారుపడింది.

"సుభద్రా, దీనికోసమే నన్నిక్కడికి తెచ్చావా?"

"లేదు సార్. గోంగూర కోసమే తెచ్చాను."

"సరే. అయితే విమానానికి చుట్టాన్ని తెద్దాం" అన్నారు. "నా ఎడంచెయ్యి."

చుట్టం

మర్నాడు విమానాన్ని బాగా పైకి తీసుకెళ్ళారు. వెనక సీట్లో రెండో పైలట్, ఏదైనా తేడా వస్తే అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. గాలిలో ఒక ఎత్తును నేల అనుకుని, సరిగ్గా దాని మీద దిగుతున్నట్టు చేయాలి. అలవాటైన కుడిచేత్తో కాదు, ఎడంచేత్తో. మా పుస్తకాల్లో ఎక్కడా లేని పరీక్ష అది. బాస్ చాలాసేపు మీసం దువ్వుకుని, చివరికి ఒప్పుకున్నాడు.

వ్యాన్‌లో నా తెర ముందు కూర్చున్నాను. నా లెక్క తప్పయితే, ఆ చేతులను నలుగురిలో అనుమానించిన మనిషిగా మిగులుతాను. ఒప్పయితే ప్రమాదం పైన ఉన్న ఆయన ప్రాణానికే.

విమానం దిగసాగింది. ముక్కు కొంచెం పైకి లేచింది. ఆయన సర్దారు. ఎక్కువ సర్దారు. ముక్కు కిందకు పోయింది. మళ్ళీ సర్దారు. రెండు గీతలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పెద్దవి కాసాగాయి.

"ఆపండి" అన్నాను.

ఆయన స్టిక్ వదిలేశారు. విమానం నాలుగు ఊపులు ఊగి దానంతటదే సర్దుకుంది. రేడియోలో ఊపిరి వినిపించింది. తర్వాత, రేడియోలో ఎప్పుడూ ఇంగ్లీషు తప్ప మాట్లాడని మనిషి, తెలుగులో అన్నారు.

"సుభద్రా, చుట్టం వచ్చాడమ్మా."

"ఏమంటున్నాడు? ఏమైంది?" అని బాస్ నా భుజం కుదిపాడు. నేను తెర మీది రెండు గీతల వైపు వేలు చూపించాను.

దిగాక ఆయనే కుర్చీ వేయించుకున్నారు. ఎడంచేత్తో కర్ర పట్టుకుని, ఈసారి కళ్ళు తెరిచే, జరిగిందంతా చూపించారు. "ఇది కుర్రాళ్ళకు ఇవ్వకూడదు" అని తన నోటితోనే అన్నారు. విమానం వెనక్కి వెళ్ళింది. దాన్ని సరిచేయడానికి చాలా కాలం పట్టింది. మా మీద విసుక్కున్న వాళ్ళున్నారు. ఆ రోడ్డు మీద ఎవరికీ ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టే దాని గురించి పేపర్లో రాలేదు. మన పని బాగా జరిగిందనడానికి గుర్తు అదే, దానికి అలవాటు పడండి.

పిల్లలూ, నేను ఈ ఉద్యోగంలో నేర్చుకున్నదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క వారం ఒక ఎత్తు. యంత్రంలో దోషం కనిపెట్టడం కష్టం కాదు. మీరు గౌరవించే మనిషి ప్రేమతో దాన్ని కప్పేస్తుంటే, ఆయన్ని నొప్పించకుండా పైకి తేవడం కష్టం. అసలు నొప్పించకుండా కుదరదేమో కూడా. నొప్పించినా సరే, ఆయన దగ్గర నుంచి కదలకండి.

కుడిచెయ్యి

ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కానీ ఈ మధ్యనే రాఘవ సార్, ఆయన భార్య లలిత వదిన మా ఇంటికి వచ్చారు. రిటైరయ్యాక వాళ్ళు వాడరేవు దగ్గర ఇల్లు కట్టుకున్నారు. కారు వదిన నడుపుతోంది. సార్ పక్క సీట్లోంచి దిగారు. ఆయన ఉండగా స్టీరింగు ఇంకొకరి చేతిలో ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న పోయి చాలా కాలమైంది. పెరటి తలుపును మాత్రం నేను బాగు చేయించలేదు. భోజనం కాగానే సార్ లేచి, తలుపును పైకెత్తి, మోకాలుతో నెట్టి, ఒక్కసారికే తీసేశారు. "చూశావా, నేనిప్పుడు ఇంటివాణ్ణే" అని నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చూడటానికే జీతం తీసుకున్న దాన్ని కదా! భోజనం స్పూనుతో చేశారు. తలుపు తీసింది ఎడంచెయ్యి. వచ్చినప్పటి నుంచి కుడిచెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

వంటింట్లో వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఏడాది నుంచి ఇంతే సుభద్రా. అడిగితే బాగానే ఉందంటారు. డాక్టరు దగ్గరికి రమ్మంటే మాట దాటేస్తారు. నువ్వైనా చెప్పు."

కాఫీ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఎదురుగా కూర్చున్నాను. నా గొంతు రేడియోలో ఉన్నట్టే ఉండాలని గట్టిగా అనుకున్నాను.

"సార్, ఎంత కష్టపడుతున్నారు?"

ఆయన నా వైపు చూశారు. ఆ ప్రశ్న ఆయనకు తెలుసు. తర్వాత జేబులోంచి కుడిచెయ్యి తీసి కాఫీ గ్లాసు అందుకున్నారు. గ్లాసు వణికింది. ఆయన ఆపాలని చూశారు, ఇంకా వణికింది. కాఫీ చొక్కా మీద ఒలికింది. నేను లేచి గ్లాసు అందుకోలేదు. అందుకోకుండా కూర్చోవడానికి నాకున్న బలమంతా కావలసివచ్చింది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "చాలా కష్టపడుతున్నానమ్మా" అన్నారు.

వదిన గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సోమవారం గుంటూరు వెళదాం సార్."

"వెళదాం. నువ్వు కూడా లోపలికి రావాలి. డాక్టరు అడిగితే నా నోరు బాగానే ఉందనేస్తుంది. దాన్ని నమ్మొద్దు. నా చేతులు చూసి నువ్వు చెప్పు."

సోమవారం ముగ్గురం వెళ్ళాం. డాక్టరు చిన్న పిల్ల, మా మేనకోడలి వయసే ఉంటుంది. "ఎలా ఉందండీ?" అని నవ్వుతూ అడిగింది. సార్ అలవాటుగా నోరు తెరిచారు. నా వైపు చూసి, మూసుకున్నారు. కుడిచెయ్యి తీసి ఆ అమ్మాయి ముందు బల్ల మీద పెట్టారు.